దారం తెగితే ఆగే సాంచా

"మీది వరంగల్లే కదా శోభా?" అని పద్మలత అడిగినప్పుడు శోభారాణి ఆఫీసు కాంటీనులో అద్దాల గోడ పక్కన నిలబడి కాఫీ తాగుతోంది. పద్మలత ఆమె మేనేజరు. ఎవరికైనా పని అప్పజెప్పే ముందు ఊరి సంగతి ఎత్తడం ఆమె అలవాటు.

"అవును. కొత్తవాడ."

"అక్కణ్ణుంచి ఒకమ్మాయిని తీసుకున్నాం మన టీములోకి. కమల అని. ఇంటర్వ్యూలో అడిగినవాటికి జవాబులు చెప్పి, తిరిగి మనవాళ్లనే ప్రశ్నలు వేసింది. ఆఫరు పంపితే ఇంతవరకూ ఔననలేదు, కాదనలేదు. సోమవారం దాకా చూసి ఇంకొకరికి ఇచ్చేస్తాం. ఈలోపు నువ్వొకసారి మాట్లాడి చూడు. మీ ఊరి పిల్లే కదా."

"ఇప్పుడెక్కడ చేస్తోంది?"

"ఏదో చిన్న కంపెనీ. నేత మిషన్లకు పెట్టెలు తయారుచేస్తారట. ఓనరు ఈమధ్యే పోయాడట, పాపం."

శోభారాణి కప్పు పక్కన పెట్టింది. ఆ ఓనరు పేరు యాకయ్య. నాలుగేళ్లు ఆమెతో ఒకే బల్ల మీద చదువుకున్నవాడు. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు, దవాఖానకు చేర్చేలోపే పోయాడు. ఇప్పుడు కార్తీకం. అతని కంపెనీలో మిగిలిన ఇంజినీరు కమల ఒక్కతే. ఆ పిల్ల ఇక్కడికి వచ్చేస్తే అక్కడ షట్టరు దించుకోవలసిందే. పద్మలతకు ఇదంతా తెలియదు. చెప్పాలని శోభారాణికి అనిపించలేదు.

"మాట్లాడతాను," అంది.

శనివారం పొద్దున సికింద్రాబాదులో రైలెక్కింది. కిటికీ పక్క సీటే దొరికింది గానీ ఏ స్టేషను ఎప్పుడు దాటిందో చూసుకోలేదు.

యాకయ్యది కేసముద్రం పక్క పల్లె. వాళ్ల నాయన గుండయ్య మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. సెలవులకు పోయినప్పుడు యాకయ్య కూడా మోసేవాడు. కాలేజీకి తిరిగొచ్చేసరికి మెడ వెనక తోలు లేచి ఉండేది. ఎవరన్నా అడిగితే "క్రికెట్ ఆడిన" అనేవాడు. క్రికెట్‌లో మెడ వెనక దెబ్బ ఎలా తగులుతుందని ఎవరూ అడగలేదు. అతను నవ్వుతూ చెప్పే తీరు అలాంటిది.

మొదటి ఏడాది ల్యాబులో ఇద్దరికీ ఒకే బల్ల పడింది. శోభారాణికి మార్కులు బాగా వచ్చేవి గానీ సోల్డరింగ్ గన్ను పట్టుకుంటే ఏదో ఒకటి కాలిపోయేది. పక్కవాళ్లు ముక్కులు మూసుకుంటుంటే యాకయ్య ఆమె చేతిలోంచి గన్ను తీసుకున్నాడు.

"నీకు సమజైంది నాకు చెప్పు. నీకు కాల్తాంది నాకియ్యి," అన్నాడు.

అలా కుదిరిన ఒప్పందం నాలుగేళ్లూ నడిచింది. క్లాసులో వేరే పేర్లు పెట్టి ఏడిపించేవాళ్లు. ఇద్దరూ పట్టించుకోలేదు. వాళ్ల మధ్య మాటలన్నీ వోల్టేజీల గురించీ, మెస్సులో పప్పు గురించీ ఉండేవి. అయినా ఇన్నేళ్ల తరవాత, ఎవరితోనైనా ఒక పని గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ టైము మర్చిపోవడం అంటే ఏమిటని తనను తాను ప్రశ్నించుకుంటే, ఆమెకు ఆ బల్ల ఒక్కటే గుర్తొస్తుంది.

శోభారాణి వాళ్ల నాయన సదానందం చేతిమగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. వాళ్ల ఇంటి వెనక సారయ్య షెడ్డు ఉండేది. అందులో కరెంటుతో నడిచే మరమగ్గాలు. వాటిని అక్కడివాళ్లు సాంచాలు అంటారు. చివరి ఏడాది దసరా సెలవుల్లో యాకయ్య వాళ్లింటికి భోజనానికి వచ్చి, తిన్నాక చేతులు కడుక్కుంటూ గోడ మీదుగా ఆ షెడ్డులోకి చూశాడు. ఒక మనిషి నాలుగు సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు, వంగి చూస్తున్నాడు, మళ్లీ తిరుగుతున్నాడు.

"గాయన ఏం ఎతుకుతాండు?"

"తెగిన దారం."

"దొరికితే?"

"సాంచా ఆపి ముడేస్తడు. చూడకపోతే అట్లనే నేసుకుంట పోతది. బట్ట కరాబైతది."

యాకయ్య తడి చేతులతో అలాగే నిలబడ్డాడు. "దారం తెగిందని సాంచాకే ఎర్కైతే ఎట్లుంటది?" అన్నాడు.

కొత్త సాంచాలకు అలాంటి ఏర్పాటు ముందే ఉంది. సారయ్య షెడ్డులో ఉన్నవాటిలాంటి పాతవాటికి లేదు. వరంగల్‌లోనూ, చుట్టూ ఉన్న ఊళ్లలోనూ ఎక్కువ పాతవే. ఆ ఏడాది వాళ్ల ప్రాజెక్టు అదే అయింది. పొడుగునా పరిచిన దారాల కింద ఒక చివర చిన్న లైటు, రెండో చివర ఆ వెలుగును చూసే కన్ను, రెంటినీ నడిపే ఒక చిన్న డబ్బా. దారం తెగి కిందికి వేలాడిందా, వెలుగుకు అడ్డు పడుతుంది, సాంచా ఆగుతుంది. ల్యాబులో దారాలు కట్టి, కోసి, మళ్లీ కట్టి చూశారు. ఒక్కసారి కూడా తప్పలేదు. కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ఒక సంస్థ నుంచి ఇద్దరు హైదరాబాదులో బయల్దేరి చూడడానికి వస్తామన్నారు. సారయ్య షెడ్డులో ఏర్పాటు చేశారు. వాళ్లకు నచ్చితే చదువు కాగానే ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టాలి. పేరు కోసం అప్పటికే పోట్లాట కూడా అయింది.

ఆ రోజు సారయ్య కొత్త లుంగీ కట్టుకున్నాడు. ఆయన భార్య చిలుకమ్మ షెడ్డంతా ఊడ్చింది. పెద్దమనుషులు వచ్చారు, కుర్చీలు వేశారు, సారయ్య మీట నొక్కాడు. సాంచా ఒక్క దెబ్బ కొట్టి ఆగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆగింది. ఒక్క దారమూ తెగలేదు.

"దిష్టి తాకింది," అంది చిలుకమ్మ. "ఇంతమంది చూడవడ్తిరి."

లోపలికి పోయి మట్టి గిన్నెలో నిప్పులు పోసుకొచ్చింది. గుప్పెడు ఊదు చల్లి సాంచా చుట్టూ తిప్పింది. సారయ్య దండం పెట్టుకుని మీట నొక్కాడు. ఈసారి అసలు దెబ్బే కొట్టలేదు. చిలుకమ్మ ఇంకో గుప్పెడు చల్లింది. వచ్చినవాళ్లలో ఒకాయన దగ్గుకుంటూ బయటికి పోయాడు. రెండో ఆవిడ వాచీ చూసుకుని, "మంచి ప్రయత్నం, ఇంకొంచెం పని చేయండి" అని ఇద్దరితోనూ చేయి కలిపి కారెక్కింది. సాయంత్రం దాకా యాకయ్య వైర్లన్నీ ఊడదీసి చూశాడు. ఏ తప్పూ దొరకలేదు. అప్పుడు సాంచా చక్కగా నడిచింది.

ఆ వేసవిలోనే ఇద్దరికీ బెంగళూరులో ఒకే పెద్ద కంపెనీలో ఉద్యోగాలు వచ్చాయి. శోభారాణి ఆ కాగితం నాయన చేతిలో పెట్టి, పోనా వద్దా అని అడిగింది. సదానందం మగ్గం గుంటలోంచి లేవకుండానే చెప్పాడు.

"నాకు నేసుడు తప్ప ఏం తెల్వది బిడ్డా. నేనేం చెప్త? గని నెల తిరిగేసరికి జీతమొచ్చే ఇల్లు ఎట్లుంటదో చూడాలని మాత్రం ఉన్నది."

ఆమె పోయింది. కాజీపేటలో రైలెక్కించడానికి యాకయ్య వచ్చాడు. అతని దగ్గర సంచీ లేదు.

"నీ సామానేది?"

"నువ్వు నడువు. ఆ సాంచా ఎందుకాగిందో చూసి నేనొస్త. నెల టైమడిగిన."

"అది తెల్సుకొని ఏం చేస్తవ్ ఇగ?"

"ఏం చెయ్య. తెల్సుకుంట, అంతే."

అతనికి అప్పుడు కంపెనీ పెట్టాలన్న పట్టుదల కూడా లేదు. లెక్క తేలకుండా పుస్తకం మూయడం చేతకాదు, అంతే. తరవాత పేపరువాళ్లెవరో వచ్చి, పెద్ద ఉద్యోగాన్ని వదులుకున్న త్యాగం అని రాసినప్పుడు అది చదివి పడీ పడీ నవ్వాడు.

మరుసటి బతుకమ్మకు ఆమె ఇంటికి వస్తే, హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ చెప్పాడు. చెప్పే ముందే నవ్వడం మొదలుపెట్టాడు.

"అగర్‌బత్తే, శోభా."

"ఏం అగర్‌బత్తి?"

"పొద్దుగాల ఆగుతాంది, పగటీలి మంచిగ నడుస్తాంది. వోల్టేజ్ అనుకున్న. మంచు అనుకున్న. నెల్లాళ్లు సారయ్య మామ షెడ్డుల్నే కూసున్న. ఒకరోజు చిలుకమ్మత్త తల్లిగారింటికి పోయింది. ఆ పొద్దు సాంచాకు ఎవలు ఊదుబత్తి ముట్టియ్యలే. మీట నొక్కంగనే నడిచింది చూడు! ఆ పొగే మన లైటుకు అడ్డం వస్తాంది. ఆమె దిష్టి తీద్దామని ఇంకింత ఊదు పోసె, మన కన్ను ఇంకింత మూసుకునె."

శోభారాణి చాయ్ గ్లాసు కింద పెట్టాల్సి వచ్చింది. తలస్నానం చేసి నాయన మగ్గానికి ఊదుబత్తి వెలిగించడం చిన్నప్పుడు ఆమె పనే. పుల్ల కొయ్య సందులో గుచ్చి, దండం పెట్టి, అప్పుడు బడికి పోయేది. ల్యాబులో దారం మందం కొలిచింది, గాలి లెక్క వేసింది, దుమ్ము లెక్క వేసింది. ఆ పొగ మాత్రం ఆమెకు తట్టలేదు. పొగ లేని సాంచాను ఆమె ఎన్నడూ చూడలేదు మరి.

"మరి ఊదుబత్తి ఆపుమన్నవా?"

"ఆపుమంటే చిలుకమ్మత్త నన్ను సాంచాల పెట్టి నేస్తది. లెక్కే మార్చిన. పొగ మెల్లగ కమ్ముతది, దారం గభాల్న పడ్తది. మెల్లగొచ్చేదాన్ని పట్టించుకోవద్దని డబ్బాకు చెప్పిన. ఇప్పుడు ఎంత ఊదు పోసుకున్నా నడుస్తది."

ఆ రోజు అతను ఉద్యోగం మాట ఎత్తలేదు. ఆమె అడగలేదు. కొత్తవాడలో షట్టరు ఉన్న ఒక మడిగె, అంటే చిన్న దుకాణం గది, కిరాయికి తీసుకున్నాడని వెళ్లేటప్పుడు చెప్పాడు.

కొన్నేళ్లకు ఆమె బెంగళూరు నుంచి హైదరాబాదుకు మారింది. సామాను కొనడానికి వచ్చినప్పుడల్లా యాకయ్య ఆమె ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేవాడు. ఎదురుగా ఉన్న చెట్ల కింద నిలబడి మిర్చీ బజ్జీ తినేవాళ్లు. ప్రతిసారీ ఒకే హాస్యం.

"నువ్వు చేసేది ఏది, చూపియ్."

"నీ ఫోన్ల ఉన్నది."

"ఏడ?"

"లోపట. చిప్పుల. బ్యాటరీని పొదుపుగ వాడేదాంట్ల ఒక ముక్క నాది."

ఫోను అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టి ఊపేవాడు. "నాకు కనవడ్తలేదు. నీకన్న కనవడ్తదా?"

"కనవడదు."

"మరి ఉన్నదని ఎట్ల నమ్ముతాన్నవే?"

"జీతం పడ్తాంది గద."

ఇద్దరూ నవ్వేవాళ్లు. నవ్వాక అతను తన బాధలు చెప్పేవాడు. మడిగెలోకి పిల్లలు వస్తారు, రెండేళ్లు పని నేర్చుకుంటారు, పెద్ద కంపెనీకి పోతారు. "నాది కంపెనీ కాదు శోభా, కోచింగ్ సెంటర్. బోర్డు మార్చాలె," అనేవాడు. పోయేవాళ్ల మీద మాత్రం ఒక్క మాట పడనిచ్చేవాడు కాదు. చివర్లో, బండి స్టార్టు చేస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అనేవాడు: "నువ్వెప్పుడొస్తవ్?"

"వస్త. బాబు ఇంకింత పెద్దగ కానీ."

ఆ మాట అనేటప్పుడు ఆమెకు అబద్ధం చెబుతున్నానని అనిపించేది కాదు. ఆ క్షణంలో నిజంగానే తాను ఆ మడిగెలో, అతని ఎదుటి బల్ల దగ్గర కూర్చుని ఉండేది. లిఫ్టు ఎక్కి తన అంతస్తుకు చేరేసరికి అది కరిగిపోయేది.

వరంగల్ స్టేషన్లో దిగి ఆటోలో కొత్తవాడకు చేరేసరికి ఎండ ఎక్కింది. మడిగెలో వాసంతి ఒక్కతే ఉంది. యాకయ్య భార్య. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక డబ్బాకు వైరు అతుకుతోంది. పెళ్లైన కొత్తలో అన్నం క్యారియరు తెచ్చి, అతను తినేదాకా ఊరికే కూర్చోవడం ఇష్టం లేక నేర్చుకున్న పని. శోభారాణిని చూసి గన్ను స్టాండులో పెట్టింది.

"రా వదినా. నువ్వు ఎందుకచ్చినవో నాకు తెల్సు."

"ఎవలు చెప్పిన్రు? కమలనా?"

"అది చెప్తదా? ఇరవై దినాలైంది, కూర పెడితే కూర, మజ్జిగ పోస్తే మజ్జిగ, ఏది పెట్టినా మంచిగున్నదంటాంది. ఉప్పు లేకున్న మంచిగున్నదంటాంది. పోయే పిల్లలందరు గట్లనే అంటరు. ఇంతకుముందు పోయినోళ్లను చూడలేదా నేను."

శోభారాణి నవ్వుతూనే స్టూలు లాక్కుని కూర్చుంది. వాసంతి మంచినీళ్లు ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఉన్న సంగతి చెప్పింది. కరీంనగర్ దిక్కు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది, యాకయ్య పోకముందు మాట్లాడుకున్నదే. వాళ్లవి వేగంగా నడిచే సాంచాలు. ఈ డబ్బా వాటికి సరిపోదు, లోపలి లెక్కంతా మళ్లీ చేయాలి. వాసంతి అతకగలదు, బాగుచేయగలదు. ఆ లెక్క చేయలేదు. కమల ఉంటే ఆర్డరు ఒప్పుకోవాలి, పోతే వాపసు ఇవ్వాలి.

"నువ్వేమంటవ్ కమలతోటి?"

"ఏమంట వదినా? పొమ్మంటే ఎల్లగొట్టినట్టుంటది. ఉండుమంటే కట్టేసినట్టుంటది. నోరు మూసుకొని ఉప్పులేని కూర వండుతాన్న." కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆయనుంటే ఏదో నవ్వే మాటనో, కోపం మాటనో అంటుండెనేమో. నాకైతే ఏది రాదు. నువ్వు పో, సారయ్య మామ షెడ్డుల ఉన్నది. ఏం చెప్తవో చెప్పు. నేనడుగ."

సారయ్య షెడ్డులోకి అడుగు పెడితే తన మాట తనకే వినిపించదు. ఆ చప్పుడులోనే ఆమె నడక నేర్చింది. అయినా గుమ్మంలో ఒక్క క్షణం ఆగిపోయింది. కమల ఒక సాంచా కింద మోకాళ్ల మీద కూర్చుని డబ్బా మారుస్తోంది. సన్నని పిల్ల, జుట్టంతా దూది పట్టి ముసలిదానిలా కనిపిస్తోంది. శోభారాణిని చూసి తల ఊపింది గానీ స్క్రూ బిగించే పని ఆపలేదు.

శోభారాణి పక్కనే నిలబడి చూసింది. ఇన్నేళ్లలో పండుగలకు వచ్చినప్పుడు షెడ్డు మూసి ఉండేది, మిగతా రోజుల్లో వచ్చినా మధ్యాహ్నం బండికే తిరిగిపోయేది. ఈ డబ్బా పని చేయగా చూడనే లేదు. ఇప్పుడు ఎదురుగా ఒక సాంచా దానంతట అదే ఆగింది. మూలన కూర్చుని పేలాలు తింటున్న మనిషి నింపాదిగా లేచాడు, వంగాడు, ముడి వేశాడు, మీట నొక్కి మళ్లీ పేలాల దగ్గరికి పోయాడు. ఆ షెడ్డులో మనుషులు కూర్చోవడం ఆమె చిన్నప్పుడు చూడలేదు. కాళ్లు వాచి ఉండేవి అందరికీ. శోభారాణి ఆ కూర్చున్న మనిషిని అలా చూస్తూ ఉండిపోయింది. ఆయనకు ఇబ్బందిగా అనిపించి పేలాలున్న చేయి చాచాడు. ఆమె తీసుకుంది.

కమల లేచి, చేతులు దులుపుకుని, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"ఒప్పియ్యడానికచ్చిన్రా అక్కా, ఆపడానికచ్చిన్రా?"

"ఒప్పియ్యుమని పంపిన్రు!" అని శోభారాణి కూడా అరిచింది. "నాకైతే తెల్వది!"

"ఇంట్ల మా అవ్వ పొమ్మంటాంది!" అని తల్లి మాట అరిచింది కమల.

"జీతం కోసమా?"

"అవ్వకు జీతం! నాకైతే అది కాదు!" కమల ఊపిరి తీసుకుంది. "సార్ ఉన్నప్పుడు దినాం ఒకటి కొత్తది చెప్పేటోడు. నేను తప్పు చేస్తే నవ్వేటోడు. ఇప్పుడు నేను తప్పు చేసినా ఎవలకు తెల్వది. మడిగెల నాకన్న ఎక్కువ తెల్సినోళ్లు లేరు. నాకు భయమైతాంది అక్కా. నాకు ఇంక నేర్చుకోవాలని ఉన్నది. మీ దగ్గర నాకన్న తెల్సినోళ్లు పదిమందన్న ఉంటరు గద?"

"ఉంటరు! చాలమంది ఉంటరు!"

"ఆర్డరు చేద్దామనే ఉన్నది. ఒక్కదాన్ని చెయ్య. పక్క బల్ల మీద ఎవలన్న ఉండాలె. సార్ మీ ముచ్చట్లే చెప్పేటోడు. శోభ ఉంటే గిట్ల చేస్తుండె, శోభ ఉంటే గట్ల చేస్తుండె అని. నేనుంట. మరి మీరు వ..."

కరెంటు పోయింది. షెడ్డులోని సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. అప్పటికే అరుస్తున్న కమల గొంతు ఆగలేదు.

"...స్తరా అక్కా?"

ఆ మాట రేకుల కప్పు కింద మోగింది. పేలాల మనిషి నమలడం ఆపాడు. అవతలి మూల నుంచి సారయ్య తొంగి చూశాడు. ఆయనకు ఇప్పుడు చూపు తగ్గింది గానీ చెవులు బాగానే ఉన్నాయి.

"ఏడికి రమ్మంటాన్నవ్ బిడ్డా, మేడమును?"

కమల ముఖం ఎర్రబడింది. "మన మడిగెకు తాతా."

"మంచిగనే అడిగినవ్! ఏసీల కూసునేటామె ఈ దూదిల కూసుంటదా? గా చేతులు చూడు..." అని, కళ్లు చికిలించి చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, సదానందం బిడ్డవు గదా నువ్వు! నీ ముంగట్నే అంటి చూడు. మర్చిపోయిన బిడ్డా, ఏమనుకోకు."

ఎవరూ నవ్వలేదు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. 'వస్త' అన్న మాట శోభారాణి నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత అలవాటైన మాట అది! గేటు దగ్గర, చెట్ల కింద, బండి చప్పుడులో ఎన్నిసార్లు అని ఉంటుంది. అంటే ఈ పిల్ల నమ్ముతుంది. సోమవారం ఉద్యోగం వద్దంటుంది, ఆర్డరు ఒప్పుకుంటుంది, పక్క బల్ల తుడిచి పెట్టి ఎదురుచూస్తుంది. యాకయ్య అది నమ్మాడో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. ప్రతిసారీ అడిగాడంటే కొంచెమైనా నమ్మే ఉంటాడు.

ఇల్లు గుర్తొచ్చింది, కొడుకు గుర్తొచ్చాడు. వాటికంటే ముందు ఇంకొకటి తెలిసింది. ఆమెకు కావలసింది ఆ మడిగె కాదు. అందులో యాకయ్య ఉండగా, అతని ఎదుటి బల్ల. అది ఇప్పుడు ఎవరు రాజీనామా చేసినా దొరికేది కాదు.

"రాను, కమలా," అంది. మాట మామూలుగానే వచ్చింది. "ఆయనకు ఏటా వస్తనన్న. నీకు అట్ల చెప్ప."

కమల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కిందికి రాలేదు. స్క్రూడ్రైవరును చేతిలో తిప్పింది.

"అయితే నేను పోత," అంది.

"పో. నేర్చుకో. ఒకటి ముందే చెప్తాన్న, అక్కడ నువ్వు చేసింది నీకు కనవడదు. ఇగో, ఇట్ల పేలాలు తినుకుంట కూసున్న మనిషి కనవడడు."

"ఎన్నేండ్లదాక కనవడదు?"

"నాకైతే ఇంకా కనవడలే."

కమల ఏదో అడగబోయింది. అంతలో కరెంటు వచ్చింది. సాంచాలన్నీ ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి, ఆమె మాట ఆ చప్పుడులో కలిసిపోయింది.

మధ్యాహ్నం వాసంతి ముగ్గురికీ అన్నం పెట్టింది. కమల తలవంచుకుని చెప్పేసింది. వాసంతి ముద్ద కలుపుతూ విన్నది.

"మంచిది బిడ్డా. పో," అంది. "ఆర్డరోళ్లకు నేను ఫోన్ చేసి చెప్త. కొత్తయి చెయ్య, పాతయి నడిచినన్ని దినాలు నడుపుత. మడిగె ఖాళీగ ఉంచుడు నాతోని కాదు." తరవాత గిన్నె వైపు చూపించింది. "కూర ఎట్లున్నది, నిజం చెప్పు."

"ఉప్పెక్కువైంది," అంది కమల, ఏడుస్తూ.

"ఆఁ, ఇప్పుడు దారికచ్చినవ్."

సాయంత్రం తిరుగు రైలులో శోభారాణి పద్మలతకు ఒక్క వాక్యం పంపింది: వస్తుంది. పద్మలత వెంటనే రెండు పువ్వుల బొమ్మలు పంపింది. కాజీపేట దాటాక శోభారాణి కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. ఎదుటి సీటు ఆవిడ, శోభారాణి నిద్రపోతోందనుకుని, లైటు ఆపమని పిల్లలకు సైగ చేసింది.

కమల చలికాలంలో చేరింది. సుఖంగానే ఉంది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. పెద్ద తెల్ల బోర్డు ముందు నలుగురైదుగురితో వాదిస్తూ, ఓడిపోయి, తల గోక్కుంటూ, మళ్లీ మొదలుపెడుతూ కనిపించేది. ఆమె తప్పులకు నవ్వేవాళ్లు అక్కడ దొరికారు. శోభారాణి ఆ దారిన పోతూ అద్దంలోంచి చూసేది. ఆ పిల్ల పక్కన ఎవరో ఒక కుర్రవాడు మార్కరు లాక్కుని, "ఇది నాకు చెప్పు, అది నేను చూస్తా" అంటున్నట్టు చేతులు తిప్పేవాడు. ఆమె అక్కడ ఆగకుండా పోయేది.

మడిగె మాట ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు. ఎండలు మొదలైన తరవాత ఒకరోజు, భోజనాల వేళకు వాసంతి ఫోను చేసింది. వెనక చప్పుడు.

"వదినా, సారయ్య మామ షెడ్డుల ఉన్న. ఒక డబ్బా ఉత్తగనే ఆపుతాంది. మూడుమాట్ల మార్చిన. దారమైతే తెగుతలేదు."

శోభారాణి కమలను కేకేసింది. ఇద్దరూ ప్లేట్లు అక్కడే వదిలి మెట్ల దగ్గరికి పోయారు. అక్కడికి ఎవరూ రారు. ఫోను స్పీకరులో పెట్టి మెట్టు మీద ఉంచి, ఇద్దరూ దాని మీదికి వంగారు.

"వాసంతక్కా, ఫోను కింద పెట్టున్రి. ఇంక కిందికి. దారాలు చుట్టిన బీము పక్కన," అంది కమల. "ఇప్పుడు నడుపున్రి."

సాంచా దెబ్బలు కొట్టింది. కమల కళ్లు మూసుకుంది. శోభారాణికి తల తిప్పకుండానే తెలిసిపోయింది, ప్రతి దెబ్బ వెనకా ఒక చిన్న వదులు, ఎవరో చెప్పు ఈడ్చుకుంటూ నడిచినట్టు. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.

"దారాలు వదులై లైటుకు అడ్డం పడ్తున్నయ్..."

"బీముకు కట్టిన బరువు జరిగింది వాసంతీ, వెనక చూడు..."

"ఆగున్రి ఆగున్రి, ఒక్కలే మాట్లాడున్రి." అటువైపు ఏదో లాగిన చప్పుడు, వాసంతి ఎవరినో పక్కకు జరగమని తిట్టడం వినిపించాయి. "ఆఁ. జరిగింది. తాడు జారింది. ఇగ చూడున్రి."

మీట నొక్కిన చప్పుడు. సాంచా అందుకుంది. ఈసారి దెబ్బ దెబ్బకూ మధ్య ఏ ఈడ్పూ లేదు. ఆగకుండా నడిచింది.

పైఅంతస్తులో ఎవరో తలుపు తీశారు, "కమలా, మీటింగు" అని పిలిచారు. కమల కదల్లేదు. శోభారాణి మెట్టు మీద కూర్చుండిపోయి, గోడకు తల ఆనించింది. ఫోనులోంచి ఆ చప్పుడు మెట్ల పొడుగునా కిందికి దిగిపోతోంది.

కాసేపటికి వాసంతి గొంతు వినిపించింది, దూరం నుంచి, చప్పుడు మీదుగా.

"ఇంకున్నరా?"

"ఉన్నం," అంది కమల.

"నడుస్తాంది గద. పెట్టేయున్రి మరి, మీకు పనుంటది."

ఇద్దరిలో ఎవరూ ఫోను అందుకోలేదు.